పగుళ్లు వెతికే మొక్క

కాకశిల కొండ నడినెత్తిన, మబ్బులు రాసుకుపోయేంత ఎత్తున, మాంత్రికుడు ధూమ్రజటుడి ఉద్యానవనం ఉంది. దాని చుట్టూ ఏడు ప్రాకారాలు. మొదటి గోడకు ఇత్తడి రేకులు తాపడం చేశారు. చివరి గోడను నల్లరాతితో కట్టి అద్దంలా నునుపు తేల్చారు. లోపల పగడపు రంగు కాండాల అరటిచెట్లు, పేరు పెట్టి పిలిస్తే తలతిప్పే సంపెంగలు, కోస్తే నెత్తురు చిమ్మే దానిమ్మలు. ఆ వనం మీద పక్షి వాలదు. పొరపాటున వాలిన పక్షి మళ్లీ ఎగరదు.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఆ మొదటి ద్వారం ముందుకు ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందు నడుస్తున్నది నాగసిరి. నీలధార రాజ్యంలో కలుపు తీసే వాళ్ల పిల్ల. నెత్తిన వెదురు తట్ట, బొడ్లో చిన్న కొడవలి, నెర్రెలిచ్చిన నేలలాంటి అరికాళ్లు. వెనక వస్తున్న ఆరడుగుల మనిషి ముసుగు గడ్డం దాకా లాక్కుని, ఎర్రంచు చీర కుచ్చెళ్లు తొక్కుకుంటూ నడుస్తోంది. ఆ మనిషి ఆడది కాదు. నీలధార యువరాజు కీర్తిధరుడు.

“దొరా, అడుగులు అంత బార వెయ్యొద్దు. మేం కలుపుకి పోతాం గానీ కోటలు ముట్టడించడానికి పోం” అంది నాగసిరి వెనక్కి చూడకుండానే.

“ఈ కుచ్చెళ్లు పెట్టిందెవరు? కాళ్లకి సంకెళ్లు వేసినట్టుంది.”

“నేనే పెట్టా. ఇంక నోరు మూసుకోండి. మీరు మూగ.”

పది రోజుల కిందట నీలధార మహారాజు సుగుణవర్మ కనుబొమల నడుమ ఆవగింజంత పులిపిరి మొలిచింది. అది ధూమ్రజటుడు నాటిన మంత్రపు పులిపిరి. రోజుకింత చొప్పున పెరుగుతుంది. నలభయ్యో రోజుకి కుంకుడుగింజంత అవుతుంది. ఆనాడు మహారాజు తన కిరీటం తానే తీసి, రాజగురువు వేషంలో మంచం పక్కనే కూర్చుని ఉన్న ధూమ్రజటుడి నెత్తిన పెడతాడు. దానికి విరుగుడు ఒక్కటే. ప్రాణంతో ఉన్న నానబాలు మొక్కని తుంచి, ఆ తెల్లని పాలు ఆరకముందే ఆ పులిపిరి మీద అద్దాలి. ధూమ్రజటుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన శిష్యుడొకడు ఈ గుట్టు చెప్పి ప్రాణం విడిచాడు.

నానబాలంటే ఎక్కడపడితే అక్కడ మొలిచే కలుపే. కానీ అంతకు ఏడాది ముందే రాజగురువు ఆ మొక్క అరిష్టమని చాటించాడు. తట్టెడు పీకి తెచ్చిన ప్రతి ఆడమనిషికీ ఎర్రంచు చీర పెట్టించాడు. కలుపు తీసే వాళ్లు పని మొదలుపెడితే సగంలో ఆపరు. రాజ్యంలో ఒక్క మొక్క మిగల్లేదు. ఆఖరి మొక్క నాగసిరి ఇంటి గడప కింది రాతి సందులో ఉండేది. దాన్ని నాగసిరే పీకింది. ఇప్పుడు యువరాజు కట్టుకున్నది ఆ మొక్కతో నిండిన తట్టకి వచ్చిన చీరే.

అందుకే ఆమె వచ్చింది. తన చేత్తో పీకినదాన్ని తన చేత్తోనే మొలిపించాలి.

ద్వారం దానంతటదే తెరుచుకుంది. గడపలో ఒక ముసలిది నిలబడి ఉంది. పేరు దీర్ఘనఖి. ఆ వనానికి పెత్తందారు. ఆమె గోళ్లు మోచేతుల దాకా పెరిగి గాజుల్లా చుట్టుకుని ఉన్నాయి.

“ఎవత్తివే నువ్వు? నీ వెనక ఆ తాటిచెట్టెవరు?”

“కలుపు తీసేదాన్నవ్వా. ఇది మా వదిన, పుట్టు మూగ. పందిరి మీది కాయలు నిచ్చెన లేకుండా అందుతాయని మా అన్న ఏరికోరి చేసుకున్నాడు. నానబాలు పెంచే మనిషి కావాలని మీ అయ్యగారు చాటింపేయించారంట గదా.”

దీర్ఘనఖి పకపకా నవ్వింది. “తోటశాస్త్రం చదివిన మహామహులు ముప్ఫైమంది వచ్చారే ఇప్పటిదాకా. ఒక్కడూ తిరిగి పోలేదు.”

“వాళ్లు పెంచడం నేర్చుకున్నారవ్వా. నేను పీకడం నేర్చుకున్నా. పీకేవాళ్లకి తెలిసినంత పెంచేవాళ్లకి తెలీదు.”

మాంత్రికుడికి నానబాలతో పనేమిటంటే, మంత్రాలకీ ఒక ధర్మం ఉంది. మంత్రం వేసినవాడి అధీనంలో దాని విరుగుడు బతికి ఉన్నంతకాలమే ఆ మంత్రం పనిచేస్తుంది. విరుగుడు చచ్చిందా, మంత్రం వేసినవాడి నెత్తికే తిరిగొస్తుంది. అందుకని ధూమ్రజటుడు లోకమంతా పీకించి ఒక్క మొక్కని మాత్రం తన వనంలో దాచుకున్నాడు. అక్కడే ఆయన లెక్క తప్పింది. నానబాలు ఏడాది మొక్క. కాపు కాసి, గింజ రాల్చి ఎండిపోతుంది. ఆ ఒక్కటీ ఎండుతోంది. దాని గింజలు ఎంత నాటినా మొలవడం లేదు.

దీర్ఘనఖి వాళ్లని ఏడో ప్రాకారంలోకి తీసుకుపోయింది. వాళ్లు దాటగానే ఒక్కో ద్వారమూ వెనక మూసుకుంది. “అయ్యగారు వచ్చినరోజే ఇవి మళ్లీ తెరుచుకునేది” అంది ముసలిది.

నల్లరాతి ముంగిట్లో నూటొక్క బంగారు కుండీలు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నింటిలోనూ నానబాలే. ఎర్రటి కాడ, కాడ మీద నూగు, కణుపుకి రెండేసి ఆకులు ఎదురెదురుగా, ఆకు నడుమ ఊదారంగు మచ్చ, ఆకు పంగల్లో పచ్చని పూల ముద్దలు. ఒకదానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

“ఇందులో నిజం మొక్క ఒక్కటే. మిగతావి అయ్యగారి మాయ. నిజమైనదాని ముందు కూర్చుని ‘ఇదీ’ అనాలి. తప్పు చెబితే అదే క్షణాన నువ్వూ ఒక కుండీలో మొక్కవవుతావు. ఆ ముప్ఫైమందీ ఇక్కడే ఉన్నార్లే.”

యువరాజు చెయ్యి చీర కింద దాచిన కత్తి మీదికి పోయింది. నాగసిరి ఆ చెయ్యి మీద చిన్న దెబ్బ వేసింది.

మొదటి కుండీ దగ్గర ఒక ఆకు తుంచి చూసింది. పాలు కారాయి. రెండోదీ తుంచింది. పాలే. కలుపు తీసే పిల్లలకి తల్లులు మొట్టమొదట నేర్పే గుర్తు పాలు. నేలఉసిరికి పాలుండవు, గలిజేరుకి ఉండవు, నానబాలకి ఉంటాయి. మాంత్రికుడికి ఆ సంగతి తెలుసు, మాయకు పాలు కూడా పోశాడు.

నాగసిరి కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. తర్వాత తట్ట దించి, కొంగుతో కళ్లకి గంత కట్టుకుంది.

“ఏమే, చూడాల్సినప్పుడు కళ్లు మూసుకుంటావేం?”

“మా పనిలో కళ్లు పైరు మీద ఉంటాయవ్వా. కలుపుని చూసేది వేళ్లే.”

ఆమె గొంతుక్కూర్చుని, బాతు నడిచినట్టు కుండీ నుంచి కుండీకి జరుగుతూ ఒక్కో ఆకు మొదలూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి వదిలేసింది. పది, ఇరవై, నలభై. ఎండ మాడుతోంది. రాయి కాలుతోంది. యువరాజు ముసుగులో చెమట ధారలు కట్టింది. డెబ్బై మూడో కుండీ దగ్గర వేళ్లు ఆగాయి. నానబాలు ఆకు కాడ దగ్గర సమంగా ఉండదు. ఒక పక్క కిందికి జారి, ఒక పక్క పైకి ఎక్కి, నిద్రలో మడతపడ్డ చెవిలా ఉంటుంది. ఇంతవరకూ పట్టిన ఆకులన్నీ రెండు పక్కలా తూచినట్టు సమంగా ఉన్నాయి. ఇది వంకర.

“ఇదీ” అంది నాగసిరి.

గుప్పున పొగలేచింది. మిగతా కుండీల్లో నానబాలు మాయమై బంతి, చామంతి, కనకాంబరం, గడ్డి, ఏవేవో కనిపించాయి. డెబ్బై మూడో కుండీలో మటుకు సగం ఎండిన చిన్న మొక్క అలాగే నిలబడింది.

దీర్ఘనఖి నోరు తెరిచింది. “ఎట్లా పట్టావే?”

“మీ అయ్యగారు చాలా అందంగా చేశారవ్వా. దేవుడు అంత శ్రద్ధగా చెయ్యడు.”

మర్నాడు పొద్దున్నే ఆమె ముసలిదాన్ని అడిగింది, ఇన్నాళ్లూ గింజలు ఎలా నాటారని. దీర్ఘనఖి గొప్పగా చెప్పింది. ఏడుసార్లు జల్లెడపట్టిన పశువుల ఎరువు, బంగారు కుండీ, నాలుగు వేళ్ల లోతు గుంట, పూటకో చెంబు ఆవుపాలు.

“అవ్వా, అది విత్తు నాటడం కాదు. విత్తుకి సమాధి కట్టడం.”

“మరి నువ్వెట్లా నాటుతావో?”

“నాటను.”

ముందు గింజ దక్కాలి. నానబాలు కాయ గుండుసూది తలంత ఉంటుంది, మూడు బుడిపెలుగా. ఎండ ముదరగానే చిటుక్కున పగిలి, గింజని మూరెడు దూరం విసిరేస్తుంది. కాయ ఎండేదాకా చూసి కోద్దామనుకుంటే చివరికి తొడిమలే మిగులుతాయి. నాగసిరి యువరాజు చీరచెంగు జానెడు చింపింది. ఆ పలచటి గుడ్డని పూలముద్దల చుట్టూ సంచీలా చుట్టి, దారంతో వదులుగా కట్టింది.

“ఇంకెంత చింపుతావు?” అని గొణిగాడు కీర్తిధరుడు.

“మూగోళ్లు గొణగరు.”

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గుడ్డలో చిటుకు చిటుకు మని వినిపించింది. సాయంత్రం విప్పితే ఇరవైకి పైగా గింజలు. ఒక్కోటి ఆవగింజలో నాలుగో వంతు, ఇటుక రంగు, నాలుగు పలకలు. దీర్ఘనఖి వాటిలోంచి ఏడు గింజలు నాగసిరి అరచేతిలో పెట్టి మిగతావి పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు నుంచి పొద్దు వాలేముందు ముసలిది నాగసిరి కొంగుముడి, జుట్టుముడి, నోరు, చెవులు, గోళ్ల సందులు అన్నీ వెతికేది. మూగ వదినగారిని వెతకబోతే ఆవిడ సిగ్గుతో గోడకి అతుక్కుపోయి బండరాయిలా కదలకపోయేది. చివరికి ఆవిడ చీర మడతలు తడిమి వదిలేసేది. కత్తిని అప్పటికే సంపెంగ మొదట్లో పాతిపెట్టారు.

నాగసిరి బంగారు కుండీలవైపు కన్నెత్తి చూడలేదు. నల్లరాతి ముంగిట్లో రెండు పలకల మధ్య సన్నని పగులు వెతికింది. అందులో గాలికి చేరిన దుమ్ము తప్ప ఏమీ లేదు. రోజంతా ఎండ పడే చోటు. గింజలు ఆ పగులు పొడుగునా చల్లి, తడి అరచేత్తో ఒక్కసారి నొక్కి వదిలేసింది. మట్టి కప్పలేదు.

“మట్టెయ్యవేమే?” అంది ముసలిది.

“ఇది వెలుతురు చూస్తేనే లేస్తుందవ్వా. కప్పితే పడుకుంటుంది.”

నాలుగోరోజున ఆ పగుల్లో ఎర్రటి చుక్కలు. ఏడోరోజుకి రెండేసి ఆకులు. మధ్యలో ఒకసారి దీర్ఘనఖి చాటుగా చెంబుడు ఆవుపాలు పోయబోతే నాగసిరి చెంబు లాక్కుని తానే తాగేసింది. పక్కన మొలిచిన గరికని రోజూ గిల్లిపారేసింది. పదిహేనోరోజుకి మొక్కలు బెత్తెడు ఎత్తు లేచి, కాడలు ఎరుపెక్కి, గిల్లితే పాలు ఉబికాయి.

ఆ కబురు గాలి మోసుకుపోయినట్టుంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఏడు ద్వారాలూ ఒక్కసారే బార్లా తెరుచుకున్నాయి. కొండకింది నుంచి ఒక పొగస్తంభం సుడి తిరుగుతూ వచ్చి ముంగిట్లో ఆగింది. పొగ విడిపోయి ధూమ్రజటుడు బయటికొచ్చాడు. మోకాళ్ల దాకా రాగి రంగు జడలు, మెడలో ఎముకల పేరు, రెండు వైపులా కదిలే రాతి భటులు.

దానికి గడియ ముందు నాగసిరి ఒక పని చేసింది. పాత మొక్క మీద మిగిలిన నాలుగు కాయలకి ఆ పూట గుడ్డ కట్టలేదు. కుండీ చుట్టూ రెండు చెంబుల నీళ్లు పోసి రాయి కడిగినట్టు కడిగింది. ఎండ ముదిరి కాయలు చిటుక్కుమన్నప్పుడు ఆ తడిలో అటూ ఇటూ తిరిగింది.

“ఇవాళ గుడ్డ కట్టలేదేం?” అని ముసలిది అడిగితే, “ఆఖరి కాపవ్వా, తాలుగింజలు” అంది.

ధూమ్రజటుడు పగుల్లోని మొక్కల ముందు వంగి చూశాడు. సంతోషంతో జడలు ఊగాయి. “భేష్! ముప్ఫైమంది పండితుల వల్ల కానిది ఒక కలుపుపిల్ల చేసింది. వీటిలో ఒకదాన్ని పలకతో సహా పెకలించి బంగారు కుండీలో పెట్టండి. మిగతావి నాకెందుకు? విరుగుడు ఒక్కటే ఉండాలి. ఏయ్ పొడుగుదానా, ఆ మిగతావి పీకెయ్!”

రాతి భటులు ఒక పలకని, దాని అంచున ఉన్న మొక్కతో సహా ఎత్తి కుండీలో నిలబెట్టారు. దీర్ఘనఖి ఆ కుండీని ఒళ్లో పెట్టుకుంది.

యువరాజు ముందుకొచ్చాడు. పదహారు రోజులుగా నాగసిరి ఆయనకి గొంతుక్కూర్చోవడం నేర్పుతూనే ఉంది. రాలేదు. గుర్రమెక్కే కాళ్లు మడమల మీద నిలవవు. ఆయన ఒక మోకాలు నేలకి ఆనించి, సామంతుడు రాజు ముందు కూర్చున్నట్టు కూర్చుని, మొక్క కొసని పిడికిట పట్టి గుంజాడు. కొస తెగి చేతికొచ్చింది. వేరు పగుల్లోనే ఉండిపోయింది.

నాగసిరి కళ్లు మూసుకుంది. కలుపు తీసే ఇంట పుట్టిన మూడేళ్ల పిల్ల కూడా మొక్కని కొస పట్టి లాగదు.

ధూమ్రజటుడు మెల్లిగా నవ్వాడు. “ఇది కలుపు పీకే చెయ్యి కాదే. కత్తి పట్టే చెయ్యి. రా కీర్తిధరా! ఆ చీర నీకు బాగా నప్పింది.”

యువరాజు ముసుగు వెనక్కి తోసేసి సంపెంగ మొదట్లోంచి కత్తి లాగాడు. రాతి భటుడి దెబ్బకి సంపెంగ చెట్టు రెండుగా చీలింది. యువరాజు పక్కకి దొర్లి వాడి మోకాలి కీలులో కత్తి దించి మెలితిప్పాడు. భటుడు కూలి రెండోవాడి మీద పడ్డాడు. ధూమ్రజటుడు చెయ్యెత్తి మంత్రం మొదలుపెట్టాడు. మొదటి అక్షరానికి యువరాజు పాదాలు వేళ్లూనాయి. రెండో అక్షరానికి మోకాళ్ల దాకా బెరడు పాకింది.

మూడో అక్షరం పలకనివ్వలేదు నాగసిరి. పగుల్లో ఉన్న మొక్కల్ని మొదట్లో పట్టి తుంచి, పాలు కారుతున్న కాడల కట్టని మాంత్రికుడి కళ్లమీద చెర్నాకోలతో కొట్టినట్టు కొట్టింది. ఆ పాలు కంట్లో పడితే మామూలు మనుషులే మూడు రోజులు మంచం దిగరు. కలుపు తీసే వాళ్లు అందుకే చేతులు కడుక్కోకుండా మొహం తుడుచుకోరు.

ధూమ్రజటుడి కేక కొండల్లో ఏడుసార్లు మారుమోగింది. చూపు పోయేసరికి మాయ కూడా పట్టు తప్పింది. యువరాజు కాళ్ల బెరడు రాలిపోయింది. కుండీల్లో బంతులూ చామంతులూ ఒళ్లు విరుచుకుని మనుషులై లేచాయి. తలల్లో ఆకులతో, గడ్డాల్లో మట్టితో ముప్ఫైమంది తోటమాలులు గోలగోలగా ద్వారాల వైపు పరుగెత్తారు. మాంత్రికుడు గుడ్డిగా నోటివెంట నిప్పులు కక్కుతూ ముంగిలంతా మాడ్చేశాడు. పగుళ్లలో మిగిలిన వేళ్లు బూడిదయ్యాయి. ఒక్క దీర్ఘనఖి ఒళ్లోని కుండీ తప్ప నానబాలు అక్కడ లేకుండా పోయింది.

“తట్ట!” అంది నాగసిరి.

“తట్టెందుకిప్పుడు?” అని అరుస్తూనే యువరాజు ఆ వెదురు తట్ట అందుకున్నాడు. ఆ గుంపులో కలిసి ఇద్దరూ ఏడు ద్వారాలూ దాటారు. లోయ మీది తీగల వంతెన దాటి, అందరూ ఇవతలికి రాగానే యువరాజు దాన్ని నరికేశాడు.

ఎండ వాలే వేళకి అడవి అంచున ఒక బండ దగ్గర ఆగారు. యువరాజు కత్తి నేలకేసి కొట్టాడు. “పదహారు రోజులు! చీర కట్టాను, మూగనయ్యాను, ఆ ముసలిదాని చేత తాటిచెట్టు అనిపించుకున్నాను. చివరికి చేతిలో ఒక్క గింజ లేదు. ఇంక పదమూడు రోజులే ఉంది.”

“చేతిలో లేదు నిజమే” అంది నాగసిరి. బండమీద కూర్చుని కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకుంది. ఏళ్ల తరబడి బురదలో నాని, ఎండలో ఎండి, మడమ నిండా లోతైన పగుళ్లు. “నా కాళ్లు చూసి ఆ అవ్వ మొహం తిప్పుకునేది దొరా. జుట్టు విప్పి చూసింది, చెవులు చూసింది, కాళ్లకేసి ఒక్కనాడూ చూడలేదు. ఈ గింజకి తడి తగిలితే జిగురు పుడుతుంది. ఎక్కడ పగులుంటే అక్కడ పట్టుకుని కూర్చుంటుంది.”

తుమ్మముల్లుతో ఒక్కో పగులూ గీకింది. అరచేతిలో ఇటుకరంగు గింజలు పడ్డాయి. ఏడు.

కీర్తిధరుడు చాలాసేపు ఆ కాలినే చూశాడు. తర్వాత చేతులు జోడించబోతే నాగసిరి అడ్డుకుంది. “దణ్ణం తర్వాత. నీళ్లు తేండి. ఎరువు తేవొద్దు, మట్టి మెత్తగా ఉన్నది తేవొద్దు. బండి తొక్కిన బాట లాంటి గట్టి మట్టి కావాలి.”

తట్ట అడుగున మట్టి పరిచి రాయితో దట్టించింది. ముల్లుతో సన్నని గీతలు గీసి గింజలు జల్లి తడి అరచేత్తో నొక్కింది. ఆ తట్ట నెత్తిన పెట్టుకుని ఎండన పడి నడవడం మొదలుపెట్టింది. నీడ కనిపిస్తే దాటేది. గంటకోసారి యువరాజు నోట్లో నీళ్లు పోసుకుని మంచులా పైన చిమ్మేవాడు. పులి ఎదురొస్తే ఆయన పులితో పోరాడాడు, ఆమె తట్ట ఎండలోంచి కదపలేదు. అడవి దాటే వేళకి, అయిదోరోజు పొద్దున, తట్టలో ఏడు ఎర్రటి చుక్కలు లేచాయి. చుక్కకి రెండేసి ఆకులు.

ఎదురుగా ధవళానది. రేవు దాటితే నీలధార రాజ్యం. అవతలి ఒడ్డు నుంచి రాజధాని మూడు రోజుల నడక. చేతిలో ఎనిమిది రోజులున్నాయి.

రేవులో పడవ సిద్ధంగా ఉంది. పడవ ముందు రాజగురువు పేరు చెప్పుకుని నలుగురు భటులు ప్రతివాళ్ల మూటా విప్పి చూస్తున్నారు. నానబాలు దొరికితే పీకి, తెచ్చినవాణ్ణి గొలుసులతో కట్టమని ఆజ్ఞ. వరసలో పన్నెండుమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరికీ ఎర్రంచు చీరలే. పొరుగు ఊళ్లో కలుపు పని చేసుకుని తిరిగి వెళ్తున్నారు. ముందున్న పెద్దావిడని చూసి నాగసిరి ఆగిపోయింది. ఆమె మేనత్త ఓబులక్క.

“ఓసి నాగీ! యాడ చచ్చావే ఇన్నాళ్లూ? మీ అమ్మ గుండెలు బాదుకుంటా ఉంది. ఈ పొడుగుదెవరే?”

“మా వదిన అత్తా.”

“వదినా? నీకు అన్నే లేడు గదే!”

భటుడొకడు తలతిప్పాడు. యువరాజు మళ్లీ వేసుకున్న ముసుగుని ఇంకాస్త లాక్కున్నాడు. నాగసిరి తట్ట దించి అత్త కాళ్ల దగ్గర పెట్టి, ఆమె చెవిలో నోరుపెట్టి గబగబా చెప్పసాగింది. మహారాజు పులిపిరి సంగతి, మాంత్రికుడి సంగతి, ఈ మనిషెవరో ఆ సంగతి. ఓబులక్క గొంతుక్కూర్చుని ఊఁ కొడుతూ వింటోంది. మాట నోటిది. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. నలభై ఏళ్లుగా కంటిముందు కలుపు ఉంటే ఆగని చేతులు.

నాగసిరి చివరికి “ఆ మొక్కలే అత్తా ఇవి” అని తట్ట వైపు చూపించేసరికి ఓబులక్క వేళ్లు ఆరో మొలకని గిల్లి పక్కన పడేసి, ఏడోదాని మీదికి పోతున్నాయి.

నాగసిరి ఆ చెయ్యి పట్టుకుంది. అరవలేదు. తన గడప కింది రాతిసందు గుర్తొచ్చింది. ఆవేళ తన వేళ్లూ ఇట్లాగే అడక్కుండా పని చేశాయి.

ఓబులక్క నేల మీద పడిన ఆరు మొలకలనీ చూసింది. మొహం పాలిపోయింది. “అయ్యో నా చేతులు పడిపోనూ” అని గొంతులోనే అంది.

“ఏంటక్కడ గుసగుసలు?” భటుడు వచ్చేశాడు. “తట్టలో ఏముంది?”

యువరాజు కుడిచెయ్యి చీరమడతల్లోకి జారింది. అప్పుడు ఓబులక్క తట్టలో ఎడమ అరచెయ్యి ఊని, దాని ఆసరాతో లేస్తున్నట్టు నడుం పట్టుకుని, కుడిచేత్తో ఆరు మొలకలూ ఎత్తి భటుడి ముక్కు కింద పెట్టింది.

“ఏముంటది నాయనా? అరిష్టం! మా కోడలి తట్టలో మొలిచింది. చూడు, ఆరు పీకినా. మా పని మేం చేసుకుంటన్నాం. నువ్వు నీ పని చూసుకుంటే పడవ కదుల్తది. ఇంకో ఎర్రంచు చీర ఇప్పిస్తావా ఏంది?”

భటుడు మొలకల్ని వేళ్లతో నలిపి చూశాడు. పాలు వేళ్లకి అంటుకున్నాయి. తృప్తిగా తలాడించి చెయ్యి పంచెకే తుడుచుకున్నాడు. “పొండి, పొండి.”

ఓబులక్క వంగినదల్లా వంగినట్టే తట్టతో సహా పడవెక్కింది. ఒడ్డు దాటి ఇరవై బారలు వచ్చాక గానీ ఎడమ అరచెయ్యి తియ్యలేదు. ఆ చేతి వేళ్ల సందున, గుల్లలా వంచిన అరచేతి కింద, ఏడో మొలక రెండాకులతో నిలబడి ఉంది.

మాట పడవంతా పాకింది. ఆడవాళ్లు తట్ట చుట్టూ చేరారు. “చూడండి గానీ చేతులు ఎవరూ బయటికి తియ్యొద్దు!” అంది ఓబులక్క. పన్నెండుమంది కలుపు తీసే వాళ్లూ చేతులు వెనక్కి కట్టుకుని, కొందరు తొడల కింద పెట్టుకుని, తట్ట చుట్టూ గొంతుక్కూర్చున్నారు. ఒక ముసలమ్మ తన చేతుల్ని నమ్మలేక పక్కదాని చేత కొంగుతో కట్టించుకుంది.

అప్పుడే వెనక రేవులో హాహాకారాలు లేచాయి. కాకశిల వైపు నుంచి నల్లటి పొగస్తంభం నది మీదికి దిగుతోంది. దాని నడుమ కళ్లకి తడిగుడ్డ చుట్టుకున్న ధూమ్రజటుడు. కళ్లు లేకపోయినా వాసన పట్టినట్టు మొహం సూటిగా పడవ వైపే తిప్పి ఉంది. ఆ స్తంభం తాకిన చోట నీళ్లు తాటిచెట్టెత్తు లేచాయి. వేడిగాలి ఒకటి పడవ మీదుగా విసిరింది. మొలక ఒక పక్కకి వాలిపోయింది.

కీర్తిధరుడు ముసుగు వెనక్కి లాగేశాడు. కుచ్చెళ్లు పైకి దోపి, పొగవైపు వీపు పెట్టి, తట్ట ముందు మడమలమీద గొంతుక్కూర్చున్నాడు. ఈసారి కాళ్లు తూలలేదు. ఆయన వీపు నీడలో, గాలి తగలని ఆ జానెడు చోట, మొలక మెల్లిగా మళ్లీ నిలబడింది.

“నీడ ఎక్కువైంది దొరా” అంది నాగసిరి తెడ్డు అందుకుంటూ. “కాస్త ఎడమకి జరగండి. ఎండ పడనీండి.”

వెనక మొదటి అల పడవని ఎత్తింది.